‘రెస్పెక్టెడ్ సర్’ నేర్పాలా, ‘హాయ్ రమేశ్’ నేర్పాలా?

ఇంజినీరింగ్ చివరి ఏడాది పిల్లలకు వ్యాపార ఇంగ్లిషు చెప్పేవారికి ఏటా ఎదురయ్యే చిక్కు ఇది. ఈమెయిల్‌ను గౌరవ సంబోధనతో మొదలుపెట్టించాలా, పేరుతోనా?

శ్రమ: ‘సర్’ బడిలో సెలవు చీటీ రాసిన నాటినుంచే చేతికి అలవాటు.
పేరుకు మాత్రం నోరు తిరగదు. తెలుగులో నువ్వు, మీరు, గారు ఉన్నాయి. ఇంగ్లిషులో చిన్నకూ పెద్దకూ ఒకే ‘యు’. అందుకే పిల్లలు ‘రమేశ్ సర్’ అని మధ్యేమార్గం పడతారు. అసలు ఇంగ్లిషు మర్యాద పిలుపులో కంటే అడిగే తీరులో ఉంటుంది. పైన ‘రెస్పెక్టెడ్ సర్’ అని దండం పెట్టి, కింద ‘సెండ్ ద ఫైల్’ అని ఆజ్ఞాపించే మెయిళ్లు నేను బోలెడు దిద్దాను. అక్కడ కావలసింది ‘కుడ్ యు’.

ముప్పు: ‘సర్’ అమెరికా క్లయింటుకు పాతకాలపు అర్జీలా తోస్తుంది, అవతల ఉన్నది మహిళైతే మరీ ఇబ్బంది. పైగా ఆ అలవాటున్నవారు మేనేజరు పొరపాటును చెప్పడానికి జంకుతారు.
పేరు పెట్టి రాస్తే కలెక్టరాఫీసులో పొగరనుకుంటారు.

ఖర్చు: రెండింటికీ పైసా లేదు.

ప్రభుత్వ కార్యాలయానికి, ప్రిన్సిపాల్‌కు రాసేటప్పుడు ‘సర్’, ‘మేడమ్’ ఉండనివ్వండి. ఐటీ ఉద్యోగానికి, విదేశీ క్లయింట్లకు పేరే నేర్పండి. అయితే మన ఇంటిపేరు ముందుంటుంది కదా, ‘హాయ్ కొండపల్లి’ అని జవాబు రాకుండా సంతకంలో పిలిచే పేరును ముందు రాయించండి.