కడప ఎండలో రాస్‌బెర్రీ పై 4: పాత ఆటల పెట్టెగా ఎలా నిలిచింది?

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ రాస్‌బెర్రీ పై 4. ఈ బోర్డు మీద పాత వీడియో గేములు ఆడించే రెట్రోపై అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించి, టీవీకి తగిలించి చాలాకాలంగా ఆడుతున్నాం. కొనాలనుకునేవారు మొదట అడిగేది ర్యామ్ ఎంత ఉండాలని. ఈ పనికి అది పెద్ద విషయం కాదు. నాది 4 జీబీ బోర్డు. 2 జీబీ బోర్డయినా ఈ ఆటలకు సరిపోతుంది. మిగిలిన డబ్బు ఛార్జరు మీద, బోర్డును ఉంచే పెట్టె మీద, మంచి గేమ్‌ప్యాడ్ మీద పెట్టండి.

మా ఊళ్లో అసలు పరీక్ష ఎండే. చిప్పు వేడి 80 డిగ్రీలకు చేరితే తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మే నెలలో మిద్దె కింది గది సాయంత్రానికి కూడా చల్లబడదు. గాలాడని ప్లాస్టిక్ పెట్టెలో బోర్డును బిగించి ఆడితే మారియోకు ఏమీ కాదు గానీ, ప్లేస్టేషన్ ఆటల్లో ముందు శబ్దం గరగరలాడుతుంది, తర్వాత బొమ్మ తడబడుతుంది. చిన్న ఫ్యాను పెడితే తగ్గుతుంది. కాకపోతే దాని రొద, కడప దుమ్ము రెండూ భరించాలి. వేడిని తనలోకి లాక్కునే అల్యూమినియం పెట్టె నాకు నచ్చింది. పైన చేయి పెడితే చురుక్కుమంటుంది. భయపడకండి, వేడి బయటికి వస్తోందన్నమాట.

తర్వాతిది కరెంటు. బోర్డుకు 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు కావాలి. ఫోను ఛార్జరు అట్ట మీద పెద్ద అక్షరాల్లో కనిపించే వాట్లను నమ్మవద్దు. అవి తరచుగా 9 వోల్టుల లెక్క. వెనుక చిన్న అక్షరాల్లో 5 వోల్టులకు ఎన్ని ఆంపియర్లని రాశారో చూడండి. వోల్టేజీ పడిపోతే తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది. సన్నని పొడవాటి కేబుల్ వల్లా అదే గుర్తు చూడాల్సి వస్తుంది.

కరెంటు పోవడం మరో సంగతి. ఈ బోర్డుకు స్విచ్చు లేదు, మెనూలోంచే ఆపాలి. సాఫ్ట్‌వేరూ ఆటలూ ఉండే మెమరీ కార్డు మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు పాడయ్యే అవకాశం ఉంది. అందుకే మొత్తం కార్డుకు ఒక నకలు కంప్యూటర్లో దాచుకోవాలి. ఇంకొకటి చాలామందికి తెలియదు: ఆట లోపల సేవ్ చేసినది, మామూలు అమరికలో, ఆట నుంచి బయటికి వచ్చినప్పుడే కార్డు మీదికి చేరుతుంది. రెట్రోపైలో ఆటలను నడిపే రెట్రోఆర్క్ అనే ప్రోగ్రాం సెట్టింగుల్లో ఆటోసేవ్ విరామం (ఎంతసేపటికోసారి దానంతటదే సేవ్ కావాలో) పెట్టుకుంటే గంటల శ్రమ గాలిలో కలవదు.

ఆటల విషయానికొస్తే నింటెండో, సూపర్ నింటెండో, సెగా మెగా డ్రైవ్ ఆటలకు వంక పెట్టలేం. 1994లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ ఆటలు చాలావరకు సాఫీగా నడుస్తాయి. నింటెండో 64 మాత్రం ఒక ఆటకు ఒకలా, ఇంకో ఆటకు ఇంకోలా. ప్లేస్టేషన్ 2 మీద ఆశ పెట్టుకోవద్దు. తుపాకీతో బాతులను కాల్చే ఆట మీద మోజుంటే, ఆనాటి తుపాకీ పాత డబ్బా టీవీ తెర వెలుగును బట్టి పనిచేసేది. ఎల్‌సీడీ ముందు అది ఉత్త బొమ్మే.

కాంట్రాలో మీట నొక్కాక మనిషి కొంచెం ఆలస్యంగా ఎగిరితే తప్పు బోర్డుదని అనుకోకండి. టీవీలో ఆ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ పెట్టండి. అప్పటికీ తీరకపోతే రెట్రోఆర్క్‌లో ఆలస్యాన్ని ఇంకా తగ్గించే రన్ అహెడ్ అనే సెట్టింగు ఉంది. చిన్న ఆటలకు బాగా పనిచేస్తుంది.

వేల ఆటలు నింపి అమ్మే కార్డుల జోలికి వెళ్లవద్దు. ఆ ఆటల్లో ఎక్కువ భాగానికి కాపీరైట్ హక్కులున్నాయి. పైగా వెనుకటి వీడియో గేమ్ క్యాసెట్ల మాదిరే, అట్ట మీద 9999 అని ఉన్నా తిప్పి తిప్పి అవే ఆటలు. అభిమానులు కొత్తగా రాసి ఉచితంగా ఇస్తున్న ఆటలతో మొదలుపెట్టవచ్చు.

2023లో వచ్చిన పై 5కి మారతారా అని అడుగుతున్నారు. దానికి స్విచ్చు ఉంది, వేగమూ ఎక్కువే. పూర్తి శక్తికి 5 ఆంపియర్ల ఛార్జరు, ఫ్యాను అడుగుతుంది. నేను మారను. అసలు ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మూలన పడి ఉంటే ఏ బోర్డూ కొనకండి. పెన్‌డ్రైవ్‌లో బాటోసెరా అనే, రెట్రోపై లాంటి సాఫ్ట్‌వేర్ ఎక్కించి దాన్నే టీవీకి తగిలించండి. బ్యాటరీ ఇంకా పనిచేస్తుంటే కరెంటు పోయి టీవీ ఆగినా ల్యాప్‌టాప్ ఆగదు.