ప్రపంచ చరిత్ర తొలి కోర్సు: ఒక సెమిస్టర్ చదివాక

నేను చదివేది అకౌంట్స్. డిగ్రీ మొదటి ఏడాదిలో వేరే సబ్జెక్టు ఒకటి తీసుకోవాలంటే ప్రపంచ చరిత్రలో చేరాను. సంవత్సరాలు బట్టీ పడితే గట్టెక్కవచ్చనుకున్నాను. మొదటి క్లాసులోనే మేడం ఒక పేజీ చేతికిచ్చి, "ఇది రాసినాయన ఇదంతా కళ్లారా చూశాడా?" అని అడిగారు.

అది పద్నాలుగో శతాబ్దపు అరబ్ చరిత్రకారుడు అల్-ఉమరీ రాసింది. 1324లో పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ సుల్తాన్ మన్సా మూసా మక్కా యాత్రకు వెళ్తూ కైరోలో బంగారం విచ్చలవిడిగా పంచాడనీ, దాంతో అక్కడ బంగారం ధర పడిపోయి పన్నెండేళ్లయినా కోలుకోలేదనీ అందులో ఉంది. నా చూపు ధర దగ్గరే ఆగింది. కానీ ఉమరీ అవన్నీ తర్వాత కైరోలో జనం చెప్పగా విని రాశాడు. నోటినోటా ఎంత పెరిగి ఉంటుంది? అలాగని కొట్టిపారేయాలా? గంటంతా దాని మీదే మాట్లాడుకున్నాం.

నన్ను బాగా పట్టేసింది మాత్రం టెనోచ్టిట్లాన్ వారం. 1521లో, ఇప్పటి మెక్సికోలో ఉన్న ఈ అజ్టెక్‌ల రాజధాని కోర్టెస్ నాయకత్వంలో వచ్చిన స్పెయిన్‌వాళ్లకు ఎలా చిక్కిందో రెండు పేజీలు రాయమన్నారు. తుపాకులు, గుర్రాలు అని రాసిచ్చాను. "కోర్టెస్ పక్కన ఇంకెవరూ లేరా?" అని రాసి తిప్పి ఇచ్చారు. మళ్లీ చదివితే అతని వెంట అజ్టెక్‌లకు శత్రువులైన స్థానికులు, వేల మంది త్లాష్కలా యోధులున్నారు. అంతకు ముందు ఏడాదే, 1520లో, మశూచి ఆ నగరాన్ని ఊడ్చేసింది. అజ్టెక్ రాజు మోక్టెజుమా తనంతట తానే రాజ్యం అప్పగించాడని కోర్టెస్ తన రాజుకు ఉత్తరం రాశాడు. క్యూబా గవర్నర్ మాట కాదని బయల్దేరిన మనిషి, రాజు అండ కావాల్సినవాడు, ఇంకోలా రాస్తాడా? ఓడినవాళ్ల వైపు నుంచి అజ్టెక్‌ల నహువాట్ల్ భాషలో ఉన్న కథనాలు కూడా చదివించారు. అవి కూడా దశాబ్దాల తర్వాత సహగూన్ అనే క్రైస్తవ సన్యాసి రాయించినవేనని మేడం గుర్తుచేశారు. ఆ రెండు పేజీలు మూడుసార్లు తిరగరాశాను. నాలుగోసారి రాయమన్నా రాసేదాన్ని.

లోపం లేదనను. రెండు ప్రపంచ యుద్ధాలు, ఆ తర్వాత వలస దేశాల స్వాతంత్ర్యం, అన్నీ కలిపి చివరి రెండు వారాల్లో కుక్కేశారు. దక్షిణ అమెరికాలోని పొటోసీ గనుల వెండి చైనా దాకా ఎలా చేరిందో అంత ఓపిగ్గా చెప్పిన కోర్సు ఇక్కడ పరుగెత్తడం నాకు బాధేసింది. పైగా ఫైనల్ పరీక్షలో సగం మార్కులు తేదీల క్విజ్‌కే. సెమిస్టరంతా నేర్పింది ఒకటి, చివర్లో కొలిచింది ఇంకొకటి. ఇది మార్చి తీరాలి.

చదవాల్సింది ఎక్కువే, లెక్కలతో సతమతమయ్యే సెమిస్టర్‌లో పెట్టుకోవద్దు. చేరితే మాత్రం ఆనాటి రాతలు ముందు చదవండి, పాఠ్యపుస్తకం తర్వాత. ఐదో వారం దాకా నేను పుస్తకమే ముందు చదివాను. దాని మాట బుర్రలో పెట్టుకుని ఉత్తరం తెరిస్తే, కోర్టెస్ చెప్పిందంతా నిజమే అనిపించింది.