పాత బండికి మరమ్మతా, కొత్త బండా, బస్సా: ఏది మేలు?

కిందటి నెల ఖరగ్‌పూర్ నుంచి మా బావ పర్లాకిమిడి వచ్చారు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుంటే కలకత్తా ట్రాముల మాట వచ్చింది. మైదాన్ వైపు ఒక్క రూటు మాత్రం ఉంచి మిగతావి తీసేస్తామని 2024లో అక్కడి ప్రభుత్వం చెప్పింది కదా, ఆ సంగతి. "పాతబడ్డాక ఏదైనా అంతే కదా నాన్నా" అన్నాడు మా మేనల్లుడు. బావ ఒప్పుకోలేదు. "వయసు మీద పడి ఏ బండీ ఆగదురా. స్పేరు దొరక్క ఆగుతుంది" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. ముప్పై నలభై ఏళ్లు నడిచిన సిటీ రైలు ముందు మూడు దారులుంటాయి. ఉన్న బండ్లను విప్పి బాగుచేసి నడపడం, కొత్తవి కొనడం, పట్టాలు వదిలేసి బస్సులు వేయడం. ఏ ఊళ్లో ఏది చేశారో, ఏమైందో వెతికి చదివాను.

అన్నిటికన్నా బాగా తెలిసొచ్చేది కెనడాలోని రెండు ఊళ్ల కథ. వాంకూవర్, టొరంటో రెండిట్లోనూ 1985లోనే ఒకే రకం బండ్లు మొదలయ్యాయి. వీటికి చక్రాన్ని తిప్పే మోటారు ఉండదు. పట్టాల మధ్య పొడుగునా అల్యూమినియం కప్పిన పట్టీ ఒకటి ఉంటుంది. బండి కింద ఉన్న మోటారు ఆ పట్టీకి ఆనకుండా, కొద్ది మిల్లీమీటర్ల ఎడంలో, అయస్కాంత బలంతో బండిని నడుపుతుంది. ఆ ఎడం ఎప్పుడూ సరిగ్గా ఉండాలి. మంచు పట్టినా, పట్టీ కదిలినా ఇబ్బందే.

వాంకూవర్ వాళ్లు లైను పెంచుకుంటూ పోయారు. పాత బండ్లు 150 దాకా ఉండేవి. వాటిని మధ్యలో బాగుచేయించారు, 2002కల్లా అదే పద్ధతిలో రెండో తరం బండ్లు తెచ్చారు. 2020లో ఇంకో 205 బోగీలకు ఆర్డరిచ్చారు, వాటిలో మొదటివి 2025లో జనం ఎక్కారు. లైను పెరుగుతూ ఉంది కాబట్టి ఆ రకం భాగాలు తయారుచేసేవాళ్లూ, ఆ పని తెలిసిన మేస్త్రీలూ మిగిలారు.

టొరంటోలో స్కార్‌బరో లైను 6.4 కిలోమీటర్లు, ఆరు స్టేషన్లు, 28 బోగీలు. పుట్టినప్పుడు ఎంతో చివరికీ అంతే. దాని స్థానంలో కొత్త లైట్ రైలు వేయాలా, సబ్‌వే తవ్వాలా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఒక పాలకవర్గం ఒకటి తేల్చితే తర్వాతిది దాన్ని తిరగేసింది. ఈలోగా బండ్లు తమకు రాసిపెట్టిన వయసు దాటిపోయాయి. 2023 నవంబరులో మూసేద్దామనుకున్నారు. జులై 24 సాయంత్రం నడుస్తున్న బండి చివరి బోగీ విడిపోయి పట్టాలు తప్పింది, ఐదుగురికి దెబ్బలు తగిలాయి. పట్టాల మధ్య ఆ పట్టీని బిగించిన బోల్టులు దెబ్బతిన్నాయని విచారణలో తేలింది. లైను మళ్లీ తెరవలేదు. అప్పటినుంచి బస్సులే.

ఇది చదివి వినిపిస్తే బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "బండికి పెట్టే ఖర్చు అందరికీ కనిపిస్తుంది. బోల్టుకి పెట్టేది ఎవరికీ కనిపించదు" అన్నారు. మరమ్మతు దారి ఎంచుకునేవాళ్లు చాలామంది అద్దాలు, సీట్లు, రంగులు మార్చి బాగుచేశాం అంటారు. పట్టా, కరెంటు తీగ, సిగ్నలు, షెడ్డులో లిఫ్టు కూడా కలిపి లెక్క వేయకపోతే అది సగం పనే.

మరమ్మతు గురించి నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఇంకొకటి. ఎనభై ఏళ్ల బండిని నడపడం కన్నా నలభై ఏళ్ల బండిని నడపడమే కష్టం. అమెరికాలో బోస్టన్ పక్కన మటపాన్ లైనులో 1940ల నాటి ట్రాములు ఇప్పటికీ రోజూ జనాన్ని తీసుకెళ్తున్నాయి. వాటిలో ఉన్నది ఇనుము, రాగి. చక్రం అరిగితే లేతు మీద కోసుకోవచ్చు, మోటారు కాలితే వైండింగు చుట్టించుకోవచ్చు, బ్రేకు షూ పోత పోయించుకోవచ్చు. కలకత్తాలో నోనాపుకూర్ వర్క్‌షాపు అన్నేళ్లు ట్రాములను నిలబెట్టింది ఈ పనులతోనే. 1980ల తర్వాతి బండ్లలో ఎలక్ట్రానిక్ బోర్డులు వచ్చాయి. ఆ బోర్డు మీది చిప్పు తయారీ ఆగిపోతే మేస్త్రీ ఎంత గట్టివాడైనా చేతులు ముడుచుకోవాల్సిందే. అప్పుడు ఒక బండిని విప్పి దాని భాగాలతో రెండు బండ్లు నడుపుతారు. అలా మొదలైందంటే ఆ లైనుకు కొత్త బండి కొనే వేళ అప్పటికే దాటిపోయిందని నా ఉద్దేశం.

కొత్త బండ్ల దారి చెప్పినంత సులువు కాదు. ఇంగ్లండులో న్యూకాజిల్ మెట్రో 1980లో 90 బోగీలతో మొదలైంది. 2010 తర్వాత ఐదేళ్లు పట్టి వాటిని బాగుచేశారు. 2020లో 42 కొత్త రైళ్లకు ఆర్డరిచ్చారు. మొదటిది జనం ముందుకొచ్చింది 2024 డిసెంబరులో. వాంకూవర్‌లోనూ అంతే, ఐదేళ్లు. అంటే కొత్తది కొందామని ఈరోజు సంతకం పెట్టినా, పాత బండి ఇంకో ఐదేళ్లు క్షేమంగా నడవాలి. కొత్తదా, మరమ్మతా అని రెంటిలో ఒకటి ఎంచుకునే వీలు నిజానికి లేదు. మరమ్మతు చేయకపోతే కొత్తది వచ్చేదాకా లైను బతకదు.

బస్సు సంగతి క్లుప్తంగా చెబుతాను. పట్టా తెగినా, ముందు ఏదైనా ఆగిపోయినా పక్కనుంచి పోగలదు, ఆర్డరిస్తే త్వరగా వస్తుంది. కానీ పదీ పదిహేనేళ్లకే మార్చాలి, ట్రాఫిక్‌లో అందరితో పాటు నిలబడాలి. కలకత్తా ట్రాము కంపెనీ 1992లో తానే బస్సులు మొదలుపెట్టింది. ఆ తర్వాత ట్రాము రూట్లు తగ్గుతూనే వచ్చాయి, చాలాచోట్ల పట్టాల మీద తారు పోశారు. తారు పోశాక ట్రామును మళ్లీ తెచ్చిన రోడ్డు అక్కడ నాకు కనిపించలేదు.

ఇక్కడ మా ఊరి మాట చెప్పకుండా ఉండలేను. మా మహారాజు వేయించిన లైట్ రైల్వే 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వచ్చింది. రెండున్నర అడుగుల గేజి. 1931కి గుణుపురం చేరింది. మా నాన్న చిన్నతనంలో టెంబూరులో దిగి బండి పక్కనే నడిచేవాడినని చెప్పేవారు. ఆ బండిని పెద్ద లైనుగా మార్చడం సరైన పనే, అందులో నాకు సందేహం లేదు. 2004 జూన్‌లో చిన్న బండి ఆగింది. పెద్ద బండి గుణుపురం చేరింది 2011లో. మధ్యలో ఆరేడేళ్లు కాశీనగరం, పాతపట్నం జనం బస్సు మెట్ల మీద వేలాడుతూ వెళ్లారు. మా అమ్మను ఆస్పత్రికి అలాగే టెక్కలి తీసుకెళ్లాను. ఆ ఏళ్లను ఏ ప్రాజెక్టు ఖర్చులోనూ రాయరు.

అందుకే నన్నడిగితే, పదిహేను ఇరవయ్యో ఏట బండినీ పట్టానూ కలిపి పూర్తిగా విప్పి చూడాలి. పాతికో ఏట కొత్త బండ్లకు ఆర్డరివ్వాలి, అది కూడా ఉన్న షెడ్డులో పట్టేవి, ఉన్న మలుపుల్లో తిరిగేవి చూసుకుని. బస్సును ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో తేదీ రాసి పెట్టాకే వేయాలి. కలకత్తా ట్రాములాంటి సాదా యంత్రమైతే మాత్రం మరమ్మతే చాలు, వర్క్‌షాపునూ అందులోని మనుషులనూ కాపాడుకుంటే.

బావ వెళ్లే రోజు స్టేషనుకు దిగబెడుతూ అడిగాను, రేపు విశాఖకు మెట్రో వస్తే ముందుగా ఏం చూడాలి బావా అని. బండి రంగు, వేగం ఏవీ చెప్పలేదు. "బోర్డుల డ్రాయింగులు ఎవరి చేతిలో ఉంటాయో కొనే రోజునే కాగితం మీద రాయించుకోమను. ముప్పయ్యో ఏట అడిగితే ఆ కంపెనీ ఉంటుందో ఉండదో" అన్నారు. అప్పటికే గుణుపురం బండి ప్లాట్‌ఫారం మీదకు వచ్చేసింది.