నాగ్రా 4.2: చాలా ఏళ్ళు వాడాక

డాక్యుమెంటరీ చిత్రాలకు లొకేషన్ సౌండ్ పట్టే పనిలో నేను అన్నిటికంటే ఎక్కువ కాలం మోసిన యంత్రం నాగ్రా 4.2 అనే టేప్ రికార్డరు. ఇప్పుడు పనికి డిజిటల్ రికార్డరే తీసుకువెళుతున్నా, పాత పావు అంగుళం టేపులు వినడానికీ, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికీ నేటికీ దీన్నే వాడుతున్నాను. దీని గుణం తెలియాలంటే దీన్ని తయారుచేసిన స్విట్జర్లాండ్ సంస్థ ఏ సమస్యతో కుస్తీపట్టిందో కూడా తెలియాలి. కరెంటు లేని చోట టేపును ఒకే వేగంతో నడపడమే ఆ సమస్య.

1929లో వార్సాలో పుట్టిన స్టెఫాన్ కుడెల్‌స్కీ, యుద్ధం వల్ల కుటుంబంతో పోలండ్ విడిచి, చివరకు స్విట్జర్లాండ్ చేరి, లోజాన్‌లో ఇంజినీరింగ్ చదివాడు. 1951లో ఆయన చేసిన మొదటి నాగ్రాలో మోటారు గడియారంలాగా కీ ఇస్తే స్ప్రింగుతో తిరిగేది, లోపల ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు వాల్వులుండేవి. రేడియో విలేకరులు దాన్ని చేత పట్టుకుని వీధుల్లోకి వెళ్ళగలిగారు. 1950ల చివర వచ్చిన నాగ్రా 3 ట్రాన్సిస్టర్లతో, సెల్లుతో నడిచింది. అసలు మలుపు అక్కడే ఉందని నా అభిప్రాయం.

సెల్లు బలహీనపడేకొద్దీ మామూలు టేప్ రికార్డరులో మోటారు నెమ్మదిస్తుంది. ఆ టేపును తరువాత సరైన వేగంతో వింటే గొంతు సన్నబడి కీచుగా వినిపిస్తుంది. నాగ్రాలో మోటారుతో పాటు ఒక పళ్ళచక్రం తిరుగుతుంది. ఆ పళ్ళు ఎంత వేగంగా దాటుతున్నాయో ఒక చిన్న హెడ్ (అయస్కాంత సంకేతాన్ని చదివే భాగం) కనిపెడుతుంటే, సర్క్యూటు దాన్నిబట్టి మోటారుకు అందే శక్తిని క్షణక్షణం సరిదిద్దుతుంది. 4.2 కు పెద్ద సెల్లు 12 కావాలి. టార్చిలైట్లలో వేసేవే కనుక ఏ ఊరి కిరాణా కొట్టులోనైనా దొరికేవి. అవి అయిపోవచ్చే దశలో కూడా వేగం తడబడిన టేపు నా దగ్గర ఒక్కటీ లేదు.

1962లో కుడెల్‌స్కీ తెచ్చిన నియోపైలట్ పద్ధతి సినిమావాళ్ళకు ఇచ్చిన మేలు ఇంకా పెద్దది. కెమెరా వేగాన్ని తెలిపే సంకేతం టేపు మధ్యలో రెండు సన్నని గీతలుగా, ఒకదానికొకటి ఎదురు ఫేజులో, అంటే ఒకటి పైకి ఊగితే రెండోది కిందికి ఊగేలా పడుతుంది. టేపు వెడల్పంతా చదివే ప్లేబ్యాక్ హెడ్ దగ్గర ఆ రెండూ పరస్పరం రద్దయిపోతాయి కాబట్టి మాటల మధ్య ఎక్కడా వినిపించవు; స్టూడియోలో మాగ్నెటిక్ ఫిల్మ్ (సినిమా ఫిల్ములాగే అంచున రంధ్రాలుండి, శబ్దం పట్టే ఫిల్మ్) మీదికి మార్చేటప్పుడు మాత్రం వేరే హెడ్ వాటిని చదివి, బొమ్మకు మాటను కలుపుతుంది. దీని వెనకున్న ఆలోచనకు నేను ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను.

మీటరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలా యంత్రాల్లో ముల్లు సగటు స్థాయిని మాత్రమే చూపిస్తుంది. డప్పు మీద మొదటి దెబ్బ పడినప్పుడు ముల్లు కదిలేలోపే శబ్దం పగిలిపోతుంది. నాగ్రా మీటరు శిఖరాన్ని పట్టి చూపిస్తుంది, పైగా రికార్డింగ్ నడుస్తుండగానే స్విచ్ మార్చి టేపు మీద పడిన శబ్దాన్ని హెడ్‌ఫోన్లో వినవచ్చు. కళాకారులు లేచి వెళ్ళకముందే రికార్డింగ్ బాగా వచ్చిందని తేలిపోవడం ఔట్‌డోర్‌లో ఎంత ధైర్యమో ఆ పని చేసినవారికే తెలుస్తుంది.

బరువు మాత్రం తక్కువ కాదు. సెల్లూ టేపూ వేస్తే దాదాపు 7 కిలోలు. మూత మూసి ఉంచాలంటే 5 అంగుళాల రీలే పడుతుంది. సెకనుకు 19 సెంటీమీటర్ల వేగంతో 600 అడుగుల టేపు సుమారు 16 నిమిషాల్లో అయిపోతుంది. పెద్దలు కథ అందుకుంటే అది ఏ మూలకూ చాలదు.

1992లో ఈ సంస్థ నాలుగు చానెళ్ళ డిజిటల్ టేపు యంత్రం నాగ్రా-డి తెచ్చింది. తరువాత కుడెల్‌స్కీ గ్రూపు దృష్టి పే టీవీ సంకేతాల రక్షణ వైపు మళ్ళింది. 2012లో ఆడియో విభాగం వేరే సంస్థగా విడిపోయింది. మరుసటి ఏడాది స్టెఫాన్ కుడెల్‌స్కీ కన్నుమూశాడు.

ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో కొనదలచినవారు పైమెరుపు చూసి డబ్బివ్వవద్దు. హెడ్లు ఎంత అరిగాయో, టేపును నొక్కిపట్టి నడిపే పించ్ రోలర్ రబ్బరు గట్టిపడిందో లేదో ముందు చూడండి. పాత టేపు పెట్టేముందు దాని పూత చేతికి జిగటగా తగులుతుంటే అసలు నడపవద్దు. ఆ పూత ఊడి హెడ్లకు అంటుకుంటుంది, టేపు మీది గొంతూ దానితోనే పోతుంది.