వార్డులో గెలుపు, మేయర్ పోటీలో వెనుకబాటు: 2025 కౌన్సిల్ ఎన్నికల్లో లిబరల్ డెమొక్రాట్ల పనితీరుపై సమీక్ష

2025 మే 1న ఇంగ్లండ్‌లో 23 కౌన్సిళ్లకు, అంటే స్థానిక పాలనా సంస్థలకు, ఎన్నికలు జరిగాయి. మర్నాడు పతాక శీర్షికలన్నీ నైజెల్ ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకేవే. 677 సీట్లు, పది కౌన్సిళ్లు గెలిచిన పార్టీకి ఆ మాత్రం చోటు దక్కాల్సిందే. ఆ హోరులో మధ్యేమార్గ పార్టీ అయిన లిబరల్ డెమొక్రాట్ల ఫలితం మరుగున పడిపోయింది. ఈ పార్టీకి 370 సీట్లు వచ్చాయి, అంటే అంతకుముందు ఉన్నవాటి కంటే 163 ఎక్కువ. ష్రాప్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్, కేంబ్రిడ్జ్‌షైర్ కౌన్సిళ్లలో సొంత మెజారిటీ దక్కింది. కన్జర్వేటివ్‌లు 319 సీట్ల దగ్గరే ఆగిపోయి, ఒక్క కౌన్సిల్‌నూ నిలబెట్టుకోలేకపోయారు. అంతకు ముందు ఏడాది, 2024లోనూ లిబరల్ డెమొక్రాట్లకు 522 సీట్లొస్తే కన్జర్వేటివ్‌లకు 515 వచ్చాయి. వరసగా రెండేళ్లు ఇలా జరిగిందంటే దాన్ని గాలివాటం అని కొట్టిపారేయలేం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వార్డు స్థాయిలో ఓట్లను సీట్లుగా మార్చుకోవడంలో బ్రిటన్‌లో ఈ పార్టీకి సాటి వచ్చేవాళ్లు తక్కువ. వార్డు దాటి పెద్ద ప్రాంతానికి వెళ్లేసరికి ఆ నైపుణ్యం పనికిరావడం లేదు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే ఫలితం అర్థం కాదు.

అంకెలు చదివేటప్పుడు మొదట చూడాల్సింది, ఏ ఏడాదితో పోలుస్తున్నారన్నది. 2025లో పోటీ జరిగిన సీట్లకు అంతకు ముందు ఎన్నికలు జరిగింది 2021 మేలో. అప్పుడు కోవిడ్ టీకాలు జోరుగా వేస్తున్నారు, బోరిస్ జాన్సన్ ప్రభుత్వానికి ఆదరణ ఉంది, కన్జర్వేటివ్‌లు ఉన్నదానికంటే ఎక్కువే గెలుచుకున్నారు. అంత ఎత్తు నుంచి వాళ్లు పడుతుంటే పక్కనున్న పార్టీకి సీట్లు రావడం సహజం. కాబట్టి 163 పెరుగుదలలో కొంత వాటా కన్జర్వేటివ్‌ల పతనానిదే. ఆక్స్‌ఫర్డ్‌షైర్ లాంటి చోట్ల డివిజన్ల (కౌంటీ కౌన్సిల్‌లో వార్డులను ఇలా పిలుస్తారు) సరిహద్దులు కూడా మారి, సీట్లు 63 నుంచి 69కి పెరిగాయి. అక్కడ ‘ఇన్ని పెరిగాయి’ అనే లెక్కను ఉజ్జాయింపుగానే తీసుకోవాలి.

రెండోది ఓట్ల శాతం. బీబీసీ అంచనా ప్రకారం దేశమంతటా ఎన్నికలు జరిగి ఉంటే రిఫార్మ్‌కు 30, లేబర్‌కు 20, లిబరల్ డెమొక్రాట్లకు 17, కన్జర్వేటివ్‌లకు 15, గ్రీన్ పార్టీకి 11 శాతం వచ్చేవి. ఇవి బ్యాలెట్ పెట్టెల్లో పడిన ఓట్లు కావు. ఎన్నికలు జరగని లండన్, స్కాట్లండ్ లాంటి చోట్లను కూడా లెక్కలోకి తీసుకుని కట్టిన అంచనా. అందుకే 20 శాతం ఉన్న లేబర్‌కు 98 సీట్లే వచ్చాయంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ ఏడాది పోటీ జరిగినవి ఎక్కువగా గ్రామీణ కౌంటీలు, లేబర్ బలమంతా నగరాల్లో ఉంది. లిబరల్ డెమొక్రాట్లకు అనుకూలమైన నేల మీదే ఈ పోటీ జరిగిందన్న సంగతి కూడా మర్చిపోకూడదు.

ఇక అసలు విషయం, వీళ్లు వార్డు ఎలా గెలుస్తారన్నది. 1970లో ఈ పార్టీకి పూర్వరూపమైన లిబరల్ పార్టీ ఈస్ట్‌బోర్న్ సభలో స్థానిక సమస్యల చుట్టూ రాజకీయం నడపాలని తీర్మానించింది. 1973లో లివర్‌పూల్ కౌన్సిల్‌లో పెద్ద పార్టీగా గెలిచి అది పనిచేస్తుందని చూపించింది. అర శతాబ్దం గడిచినా పద్ధతి పెద్దగా మారలేదు. ‘ఫోకస్’ పేరుతో కరపత్రం ఏడాది పొడవునా ఇంటింటికీ వస్తుంది. అందులో ఉండేది వీధి దీపం, రోడ్డు గుంత, పాదచారులు రోడ్డు దాటే గీతలు, బస్సు వేళలు. వెనుక పేజీలో చిన్న సర్వే ఉంటుంది. దాన్ని నింపి పంపినవాళ్ల పేరు, సమస్య, మొగ్గు అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కుతాయి. కౌన్సిలర్ ఆ సమస్య మీద కౌన్సిల్‌కు రాస్తాడు, వచ్చిన జవాబు తర్వాతి ఫోకస్‌లో అచ్చవుతుంది. చాలా పార్టీలు మొదటి అడుగు వేస్తాయి కానీ ఈ చివరి అడుగు దగ్గరే జారిపోతాయి. ఫిర్యాదు ఏమైందో తిరిగి చెప్పని కరపత్రం చెత్తబుట్టకే వెళ్తుంది.

ఎన్నికల నెలలో ఈ పని గడియారం ముల్లులా నడుస్తుంది. పోలింగ్‌కు రెండు మూడు వారాల ముందే పోస్టల్ బ్యాలెట్లు ఇళ్లకు చేరతాయి. ఆలోపు గట్టి కరపత్రం వెళ్లకపోతే ఆ ఓట్లు పోయినట్టే. పోస్టల్ ఓటర్లకు విడిగా ఉత్తరాలు రాస్తారు, కొన్నిటి మీద చిరునామా నీలి సిరాతో చేత్తో రాసి ఉంటుంది. పోలింగ్ రోజు తెల్లవారుజామునే ‘గుడ్ మార్నింగ్’ కరపత్రం తలుపు సందులోంచి లోపల పడుతుంది. బూత్ బయట నిలబడ్డ కార్యకర్త ఓటరు నంబరు అడిగి రాసుకుంటాడు. చెప్పి తీరాలన్న నిబంధన ఏమీ లేదు. ఆ నంబర్లతో సరిచూసి, తమవాళ్లలో ఇంకా ఓటు వేయనివాళ్ల ఇళ్లకు సాయంత్రం దాకా తిరుగుతారు. పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 వరకు ఉంటుంది కాబట్టి ఆఫీసు నుంచి వచ్చేవాళ్లను సాయంత్రం ఆరు, ఎనిమిది మధ్య పట్టుకోవాలి. కౌన్సిల్ ఎన్నికల్లో సాధారణంగా ఓటర్లలో మూడో వంతు అటూఇటుగానే ఓటేస్తారు. కాబట్టి అదనంగా రెండు వందల మందిని ఇల్లు కదిలించగలిగితే చాలా డివిజన్ల జాతకమే మారిపోతుంది.

ఖర్చు పరిమితి కూడా ఈ పద్ధతికే కలిసొస్తుంది. ఇంగ్లండ్‌లో కౌన్సిల్ అభ్యర్థికి పరిమితి 960 పౌండ్లు, దానిపై ఒక్కో ఓటరుకు 8 పెన్నీలు. ఎనిమిది వేల మంది ఓటర్లున్న డివిజన్‌లో మొత్తం 1,600 పౌండ్లు అన్నమాట. ఆ డబ్బుతో ప్రకటనలు కొని గెలవడం కష్టం. స్వచ్ఛందంగా నడిచి పంచేవాళ్ల శ్రమ మాత్రం ఈ లెక్కలోకి రాదు. అందుకే పంచేవాళ్లున్న పార్టీది పైచేయి అవుతుంది.

ష్రాప్‌షైర్ దీనికి మంచి ఉదాహరణ. 2021లో అక్కడి 74 సీట్లలో కన్జర్వేటివ్‌లకు 43 ఉండేవి. అదే ఏడాది డిసెంబరులో నార్త్ ష్రాప్‌షైర్ పార్లమెంటు ఉప ఎన్నికలో లిబరల్ డెమొక్రాట్ అభ్యర్థి హెలెన్ మోర్గన్ 5,925 ఓట్ల మెజారిటీతో గెలిచారు. సాధారణంగా ఉప ఎన్నిక గెలుపు ఆరు నెలల్లో చల్లారిపోతుంది. ఇక్కడ పార్టీ ఆ ఓటర్ల జాబితాలనూ కార్యకర్తలనూ చెదరనివ్వలేదు. 2024 సాధారణ ఎన్నికల్లో ఆ సీటు నిలిచింది, 2025లో కౌన్సిల్‌లో 42 సీట్లొచ్చాయి. గ్రామీణ కన్జర్వేటివ్ కోటకు గండి కొట్టాలంటే మూడు నాలుగేళ్ల పని కావాలని ఇది చూపించింది.

లోపాల దగ్గరికి వస్తే, మొదటిది మేయర్ పదవులు. కొన్ని కౌన్సిళ్లు కలిసి ఏర్పడే పెద్ద ప్రాంతాల సంయుక్త అధికార సంస్థల మేయర్లలో ఈ పార్టీకి ఒక్కరూ లేరు. బాత్ కౌన్సిల్‌లో 2019 నుంచి అధికారం ఉన్నా, అదే బాత్‌ను కలుపుకున్న వెస్ట్ ఆఫ్ ఇంగ్లండ్ మేయర్ పోటీలో 2025లో అయిదో స్థానం. అక్కడ లేబర్ అభ్యర్థి గెలిచింది దాదాపు 25 శాతం ఓట్లతోనే. అంటే ఓట్లు అయిదు ముక్కలుగా చీలిన పోటీలో కూడా వీళ్లు పైకి రాలేకపోయారు. హల్ నగర కౌన్సిల్ అప్పటికి వీళ్ల చేతిలోనే ఉన్నా, హల్ అండ్ ఈస్ట్ యార్క్‌షైర్ మేయర్ పదవిని రిఫార్మ్ తరఫున నిలబడ్డ మాజీ బాక్సర్ ల్యూక్ క్యాంప్‌బెల్ గెలుచుకున్నారు, వీళ్లకు రెండో స్థానం దక్కింది. కారణం స్పష్టమే. లక్షల మంది ఓటర్లున్నచోట ఇల్లిల్లూ తిరగడం కుదరదు. టీవీలో కనిపించే ముఖమో, ఒక్క వాక్యంలో చెప్పగలిగే మాటో కావాలి. 2022 చట్టంతో మేయర్ ఎన్నికల్లో రెండో ప్రాధాన్య ఓటు కూడా రద్దయింది. చాలామందికి రెండో ఇష్టంగా ఉండే పార్టీకి అది పెద్ద దెబ్బే.

రెండో లోపం, అధికారంలో కూర్చున్నచోట వీచే ఎదురుగాలి. డర్హమ్‌లో 2021 నుంచి లిబరల్ డెమొక్రాట్ల నాయకత్వంలోనే సంకీర్ణం నడిచింది. 2025లో రిఫార్మ్ 98 సీట్లలో 65 ఎగరేసుకుపోయింది. లేబర్ నాలుగుకు పడిపోయిందని అందరూ రాశారు. నిజమే, కానీ ‘మార్పు’ అడిగే ఓటు తమ చేతిలోంచి జారిపోవడం లిబరల్ డెమొక్రాట్లకూ హెచ్చరికే. ఈ పద్ధతి కన్జర్వేటివ్‌లతో ముఖాముఖి ఉన్న దక్షిణాదిలో బాగా నడుస్తోంది. ఉత్తరాన రిఫార్మ్‌తో తలపడేచోట దీనికి జవాబు ఇంకా దొరకలేదు.

కరపత్రాల్లోని బార్ చార్టుల విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. ‘ఇక్కడ ఫలానా పార్టీ గెలిచే అవకాశమే లేదు’ అంటూ వేసే పటంలో మూడు చూడండి: కింద చిన్న అక్షరాల్లో ఏ ఎన్నిక అని రాశారు, ఆ అంకె మీ వార్డుదా లేక మొత్తం నియోజకవర్గానిదా, స్తంభాల ఎత్తు అంకెలకు సరిపోతోందా. 31కి, 27కి మధ్య నాలుగు పాయింట్లే తేడా. స్తంభం మాత్రం సగానికి కోసినట్టు కనిపిస్తే ఆ కరపత్రాన్ని నమ్మకండి. వార్డు అసలు ఫలితం కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, అయిదు నిమిషాల పని. ఏళ్లతరబడి కష్టపడి తెచ్చుకున్న నమ్మకాన్ని ఇలాంటి పటంతో పోగొట్టుకోవడం చూస్తే బాధేస్తుంది.

ఇళ్ల నిర్మాణం మీద మాట నిలకడా తక్కువే. 2024 మేనిఫెస్టోలో ఏడాదికి 380,000 ఇళ్లు కట్టాలన్నారు. వార్డు స్థాయికి వచ్చేసరికి కొత్త ఇళ్ల ప్రతిపాదనను వ్యతిరేకించే సంతకాల ఉద్యమం తరచూ వీళ్లదే.

గెలిచాక ఏం జరుగుతుందన్నది అన్నిటికన్నా ముఖ్యం. కేంబ్రిడ్జ్‌షైర్‌లో వీళ్లకు దక్కింది 61 సీట్లకు 31. ఒక్కరు రాజీనామా చేసినా మెజారిటీ గల్లంతే. విల్ట్‌షైర్‌లో, డెవన్‌లో పెద్ద పార్టీ అయినా మెజారిటీ లేదు, ప్రతి బడ్జెట్‌కూ ఇతరుల మద్దతు కావాలి. పైగా కౌంటీ డబ్బులో సింహభాగం వృద్ధుల సంరక్షణకూ, పిల్లల సంరక్షణకూ చట్టప్రకారం పోతుంది. రోడ్ల గుంతల మీద గెలిచినవాళ్లకు రోడ్ల కోసం మిగిలేది కొంచెమే. ష్రాప్‌షైర్‌లో గెలిచిన కొద్ది నెలలకే, 2025 సెప్టెంబరులో, ఆర్థిక అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది. ఆ లోటు కొత్త పాలకులు తెచ్చింది కాదు, కానీ తర్వాతి ఎన్నికల్లో జవాబు చెప్పాల్సింది వాళ్లే. దీనికి తోడు పెద్ద ప్రాంతాన్ని చూసే కౌంటీ కౌన్సిళ్లనూ, వాటి లోపలి జిల్లా కౌన్సిళ్లనూ కలిపి ఒకే అంచె చేసే పని మొదలైంది. 2025లో గెలిచిన కౌంటీ సీట్లు చాలావాటికి పూర్తి నాలుగేళ్ల ఆయుష్షు ఉండకపోవచ్చు.

కాబట్టి వార్డు పనికి అయిదుకు నాలుగున్నర ఇస్తాను, పెద్ద ప్రాంతాల పోటీకి ఒకటిన్నర, కరపత్రాల నిజాయితీకి రెండున్నర. పాలనకు మార్కులు వేయాలంటే కనీసం రెండు బడ్జెట్లు చూడాలి.

అక్కడ ఉంటున్న తెలుగువాళ్లకు కొన్ని ఆచరణ సంగతులు. బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తున్న భారతీయులకు, కామన్వెల్త్ పౌరులుగా, కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు ఉంది, బ్రిటిష్ పౌరసత్వం అక్కర్లేదు. పోలింగ్‌కు 12 పనిదినాల ముందు నమోదు ముగుస్తుంది. పోస్టల్ ఓటుకు 11 పనిదినాల ముందు సాయంత్రం 5 వరకు గడువు. 2023 మే నుంచి ఇంగ్లండ్‌లో బూత్‌లో ఫొటో గుర్తింపు చూపాలి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది, భారత డ్రైవింగ్ లైసెన్స్ చెల్లదు. ఏ గుర్తింపూ లేకపోతే ఉచితంగా ఇచ్చే ఓటరు ధ్రువపత్రానికి 6 పనిదినాల ముందు సాయంత్రం 5లోపు దరఖాస్తు చేయాలి. అభ్యర్థి తలుపు తట్టినప్పుడు మీ వీధి గుంత ఏ కౌన్సిల్ పరిధిలోకి వస్తుందో అడగండి. రెండంచెల ప్రాంతాల్లో రోడ్లు కౌంటీవి, చెత్త సేకరణ జిల్లాది. జిల్లా కౌన్సిల్‌కు నిలబడి రోడ్లు బాగుచేస్తానని మాట ఇచ్చే అభ్యర్థి ఏ పార్టీ వాడైనా, కౌంటీ చేత ఆ పని ఎలా చేయిస్తాడో చెప్పమనండి. ఇప్పటికే కౌన్సిలర్‌గా ఉన్నవాళ్లయితే సమావేశాలకు ఎన్నిసార్లు వెళ్లారో కౌన్సిల్ వెబ్‌సైట్‌లోని హాజరు పట్టికలో ముందే చూసి పెట్టుకోండి.