క్రాపీకి గాలం వేసేవాళ్లు జాగ్రత్త: 30 స్పిన్నర్ల చవక డబ్బా

ఈ సీజన్‌లో డల్లాస్ దగ్గర లూయిస్‌విల్, రే రాబర్ట్స్ లేకుల్లో క్రాపీ అనే చేప కోసం వెళ్దామనుకుంటున్న మనవాళ్లందరికీ: ఆన్‌లైన్‌లో "క్రాపీ స్పిన్నర్లు (తిరిగే రేకు బ్లేడు ఉన్న గాలపు ఎరలు), 30 ముక్కలు" అంటూ ప్లాస్టిక్ డబ్బాలో వస్తున్న చవక సెట్టు కొనకండి. మూత తీస్తే తిరునాళ్లలో గాజుల కొట్టులా మెరిసిపోతుంది. నీళ్లలో వేస్తే తెలుస్తుంది, పైన పటారం లోన లొటారం.

అసలు లోపం బ్లేడు దగ్గరే. బ్లేడుని తీగకి పట్టి ఉంచే చిన్న యు ఆకారపు ముక్క, అదే క్లెవిస్, ఇందులో పల్చటి రేకుని వంచి నొక్కేసిందే. రంధ్రం అంచు గరుకు. దాని కింది పూస చిల్లు వెడల్పుగా ఉండటంతో క్లెవిస్ అందులోకి దిగి ఇరుక్కుంటోంది. రీలు జోరుగా తిప్పితే బ్లేడు ఎలాగో తిరుగుతుంది. నిదానంగా తిప్పితే తీగకి అతుక్కుని చెంచాలా పడి ఉంటుంది. క్రాపీకి కావలసింది ఆ నిదానమే. బాస్ చేపలా తరిమి పట్టే రకం కాదది. పైకి చూస్తూ, తన తల మీదుగా మెల్లగా పోయేదాన్ని అందుకుంటుంది. పైగా డబ్బాలో సగం సన్నగా పొడుగ్గా ఉండే విల్లో ఆకు బ్లేడులు. అవి తిరగాలంటేనే వేగం కావాలి. ఈ పనికి గుండ్రటి కొలరాడో బ్లేడే సరి.

బరువులోనూ మోసమే. 1/16 ఔన్సు అంటే 1.77 గ్రాములు. ఆ ముద్ర ఉన్నవి డిజిటల్ తూకం మీద 2.4 నుంచి 3.1 దాకా చూపిస్తున్నాయి. గ్రాము తేడానే కదా అనుకోవద్దు. చేపల మీదుగా పోవాల్సింది వాటి కిందికి దిగిపోతుంది, క్రాపీ కిందికి దిగి తినడం అరుదు. ఎంత లోతుకి దిగిందో తెలియడానికి ఒకటి, రెండు అని లెక్కపెట్టి దించేవాళ్ల లెక్కంతా తప్పుతుంది.

హుక్కులు లావు తీగవి, మొన మొద్దు. గోటి మీద ఆనించి లాగితే గుచ్చుకుని ఆగాలి, ఇవి జారిపోతున్నాయి. క్రాపీ మూతి కాగితమంత పల్చన, అక్కడివాళ్లు పేపర్‌మౌత్ అనేది అందుకే. లావు హుక్కు చేసిన చిల్లు పెద్దదై, లైన్ కాస్త వదులైతే చాలు, చేప ఊడిపోతుంది. మునిగిన కొమ్మలకి పట్టేసినా అంతే: సన్న తీగ హుక్కయితే మెల్లగా బలం పెంచి లాగితే వంగి వచ్చేస్తుంది, ఇది వంగదు, 4 పౌండ్ల బలం తట్టుకునే లైనే తెగుతుంది.

ఇప్పటికే కొనేసి ఉంటే తడపకుండా పరీక్షించండి. తడిపితే "వాడిన సరుకు" అని అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోవట్లేదు. లైన్ కట్టే పై కన్ను పట్టుకుని బ్లేడు మీద ఊదండి, మంచిదయితే ఫ్యాన్ రెక్కలా తిరుగుతుంది. తూకం మీద పెట్టి, ముద్రా అంకే రెండూ కనబడేలా ఫోటో తీసి రిటర్న్ పెట్టండి.

గడువు దాటిపోయిందా, క్లెవిస్‌ని సన్నమూతి ప్లయర్‌తో వెంట్రుకవాసి విడదీసి, రంధ్రం అంచుని సన్న ఆకురాయితో నున్నగా రుద్దండి. పూస మార్చలేరు, తీగ కన్ను విప్పితే మళ్లీ కుదరదు. స్పిన్నర్‌కి 18 అంగుళాల ముందు 10 లేదా 12 నంబరు బ్యారెల్ స్వివెల్ (లైన్ మెలిపడకుండా తిరిగే చిన్న లోహపు కీలు) కట్టండి, లేదంటే కాసేపటికే లైనంతా మెలికలు. కొత్తగా కొనేవాళ్లు సేఫ్టీపిన్ను ఆకారపు తీగకి కొలరాడో బ్లేడు ఉన్నవి విడిగా తీసుకుని 1/32 లేదా 1/16 ఔన్సు జిగ్ హెడ్‌కి (తల దగ్గర బరువు పోసిన హుక్కు) తగిలించుకోండి. ఆ రకంతో లైన్ మెలిక బాధ చాలా తక్కువ, హుక్కు ఒక్కటే కాబట్టి కొమ్మలకీ అంతగా పట్టదు.