‘నాటు గులాబీ’ అని ట్రాలీ ఆటోలో అమ్ముతున్నారు, జాగ్రత్త

నల్లగొండలో ఉండేవాళ్ళు, ముఖ్యంగా పానగల్ రోడ్డు వైపు వాళ్ళు ఇది ఒకసారి చదవండి. సాయంత్రం ఎండ తగ్గాక ట్రాలీ ఆటోలో మొక్కలు పేర్చుకొని, మైకులో "నాటు గులాబీ, పన్నీరు గులాబీ" అని వీధుల్లో తిరుగుతున్నారు. మార్చి మూడో వారంలో నేను ఆరు మొక్కలు కొన్నాను. ఒక్కోటి 180 రూపాయలు, దానికి తోడు ‘పూల మందు’ పొట్లం ఇంకో 80. మొత్తం 1160. మిరుగు (మృగశిర కార్తె) వచ్చేసరికి నాలుగు చచ్చిపోయాయి. బతికిన రెండూ నాటువి కావు. డబ్బు సంగతి అటుంచండి, మూడు నెలలు బకెట్లతో నీళ్ళు మోసిన చాకిరీ గుర్తొస్తే కడుపు మండుతోంది.

నాకు నాటు గులాబీ అంటే పిచ్చి. దేవరకొండలో మా అమ్మగారింట్లో బోరింగు పక్కన ఒక చెట్టు ఉండేది. గిన్నెలు కడిగిన నీళ్ళే దానికి తిండి. లేత రంగు, పల్చటి రేకులు, గుత్తులు గుత్తులుగా పూసేది, పొద్దున విచ్చుకుంటే సాయంత్రానికి రేకులు రాల్చేది. చూడ్డానికి పెద్ద అందమేం కాదు. కానీ వాకిలి దాటి లోపలికి రాగానే వాసన తెలిసేది. కొత్త గదులు వేసేటప్పుడు దాన్ని తీసేశారు. అప్పట్నుంచీ దాని కోసమే వెతుకుతున్నాను, ఆ బలహీనతే ఆటోలో మొక్కలమ్మే అబ్బాయికి దొరికింది.

పాతికేళ్ళుంటాయేమో, మాట మాత్రం తేనె. "అక్కా, ఇది నూరేళ్ళ కిందటి రకం, హైబ్రిడ్ కాదు, కావాలంటే వాసన చూడండి" అని ఒక మొక్కను పైకెత్తి పువ్వును నా ముక్కు దగ్గర పెట్టాడు. గుప్పుమంది! ఆరు మొక్కలకీ ఒక్కో పువ్వు, పువ్వు మీద నీటి చుక్కలు. నేను బేరం కూడా ఆడలేదు.

మర్నాడు పొద్దున మా అత్తమ్మ పూజకు పువ్వు తెంపబోయి ఆగింది. వంగి వాసన చూసింది, ఇంకోసారి చూసింది. "ఇది గులాబీ వాసన కాదు బిడ్డా, పెండ్లి వాసన" అంది. నేను నవ్వాను. తర్వాత నేనూ చూస్తే నిజమే. పెళ్ళి గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డితో చల్లుతారే, అచ్చం ఆ వాసన. ఆకుల మీద కూడా అదే. ఎక్కడైనా ఆకు గులాబీ వాసన వేస్తుందా? పన్నీరు గులాబీకి పన్నీరు చల్లి అమ్మాడన్నమాట. రెండు రోజులకు ఆ వాసన ఎగిరిపోయింది. ఏప్రిల్లో ఒక మొక్క మళ్ళీ పూసింది. పొడుగు కాడ, మొనదేలిన పెద్ద మొగ్గ, మందపాటి రేకులు. వాసన సున్నా. బొకేల్లో పెట్టే రకం.

‘నూరేళ్ళ రకం’ అనే మాట కూడా ఒట్టి ఊరింపే. గులాబీలు పెంచేవాళ్ళు పాత, కొత్త రకాలకు 1867ను గీతగా పెట్టుకుంటారు. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో ‘లా ఫ్రాన్స్’ అనే గులాబీ వచ్చింది, దాన్ని మొదటి హైబ్రిడ్ టీగా, అంటే పొడుగు కాడ, పెద్ద మొగ్గ ఉండే కొత్త వర్గంలో మొదటిదిగా లెక్కిస్తారు. అంతకుముందే ఉన్న వర్గాలు పాత గులాబీలు: డమాస్క్, బోర్బన్ లాంటివి. మన దగ్గర పూలమాలల్లోకి వాడే ఎడ్వర్డ్ గులాబీ ఈ బోర్బన్ వర్గంలోదే. ఈ లెక్కన నూరేళ్ళ కిందటి రకం అంటే హైబ్రిడ్ కూడా కావచ్చు! ఆ అబ్బాయికి ఇదంతా తెలిసి అన్నాడని నేననుకోను, నోటికొచ్చింది అన్నాడంతే.

కొనేముందు నేను చూడాల్సింది, చూడనిది ఒకటుంది. మొక్క మొదట్లో, మట్టికి నాలుగు వేళ్ళ పైన, కాండం మీద బుడిపెలాంటి ముడి. అది కంటి అంటు కట్టిన చోటు. కింద వేరుమొక్క ఒక జాతి, పైన పూసే కొమ్మ ఇంకో జాతి. మన ఇళ్ళలో నాటు గులాబీ మామూలుగా కొమ్మ గుచ్చితే చాలు, వేర్లు పోసుకుంటుంది, దానికి అంటు అవసరమే లేదు. అందుకని నాటు అని చెప్పి ముడి ఉన్న మొక్క ఇస్తే అనుమానించండి. నా ఆరింటికీ ముడి ఉంది. మట్టి పైదాకా పూసి కనపడకుండా చేశారు, ఒక వాన పడితేనో, నాలుగు రోజులు నీళ్ళు పోస్తేనో బయటపడుతుంది. ఇంకో మాట. "ఏడాకులొస్తే అడవి గులాబీ, ఐదొస్తే అసలుది" అని చాలామంది చెప్తారు, అది నమ్ముకోకండి. పాత రకాల్లోనూ ఒక్కో రెమ్మకు ఏడాకులు వస్తాయి. ఆకులు లెక్కపెట్టడం కంటే, ఆ కొమ్మ ముడికి పైన పుట్టిందా కింద పుట్టిందా చూడండి.

చావు సంగతికొస్తాను. ఏప్రిల్ ఆఖర్లో మొదటి మొక్క వడలిపోతే ఇంకా నీళ్ళు పోశాను, మరింత వడలింది. చివరికి పీకి చూశాను. చుట్టూ మా ఎర్ర చలక మట్టి తడిగా, చేతికంటుకుంటోంది. మధ్యలో మొక్కతో వచ్చిన నల్లమట్టి ముద్ద మాత్రం ఇటుక. పారతో కొడితే రెండు ముక్కలైంది. లోపల పొడి. బొటనవేలంత లావు వేర్లు కత్తిరించిన చోట మొండిగా ఉన్నాయి, తెల్లటి పిల్లవేరు ఒక్కటంటే ఒక్కటి లేదు. అంటే పొలంలోంచి పెరికి, వేర్లు నరికి, జిగట మట్టి చుట్టి, వెంటనే ఆటో ఎక్కించారు. ఆ ముద్ద ఒకసారి ఎండితే నీళ్ళు దాని చుట్టూ జారిపోతాయి తప్ప లోపలికి దిగవు. నేను పోసిన నీళ్ళన్నీ చలకే తాగింది.

‘పూల మందు’ కథ ఇంకా అన్యాయం. నెలకో చెంచా వెయ్యమన్నాడు, వేశాను. వారానికి ఆకుల అంచులు మాడాయి. మా బావ వ్యవసాయం చేస్తాడు. పొట్లం విప్పి అరచేతిలో పోసుకొని, "ఇది డీఏపీ గదనే" అన్నాడు. యాభై కిలోల బస్తా 1350, అంటే కిలో 27 రూపాయలు. నాకు గుప్పెడు 80కి అమ్మాడు. పైగా 43 డిగ్రీల ఎండలో, వేర్లే లేని మొక్కకు ఎరువు వేస్తే మాడక ఏమవుతుంది? తప్పు నాది కూడా.

బిల్లు అడిగితే నవ్వాడు. ఫోన్ నంబరు ఇచ్చాడు, రెండు వారాలు మోగింది, ఆ తర్వాత స్విచాఫ్. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది కానీ, బిల్లు లేదు, కొట్టు లేదు, ఆటో నంబరు కూడా నేను చూడలేదు. ఎవరి మీద చెప్పను? మీరు కొంటే కనీసం ఆటోను, మొక్కలను ఒక ఫొటో తీసుకోండి.

అసలు ఫాల్గుణం దాటాక గులాబీ కొనడమే మానుకోండి. ఆశ ఆపుకోలేకపోతే, తెలిసినవాళ్ళింట్లో నాటు చెట్టుంటే వానలు కుదురుకున్నాక పెన్సిలంత లావు, జానెడు పొడవు కొమ్మ అడిగి తెచ్చుకోండి. కింద కణుపుకు కొంచెం దిగువన ఏటవాలుగా కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చి నీడలో పెడితే చాలు. ఖర్చు సున్నా.

ఇప్పటికే కొని నాలాగే ఇరుక్కున్నవాళ్ళకు, నా రెండు మొక్కలు ఎలా బయటపడ్డాయో చెప్తాను. సన్న ఇనుప చువ్వతో మట్టి ముద్దకు నాలుగైదు చోట్ల పొడిచాను. పొద్దున ఆరుకల్లా ఆ పొడిచిన చోటే, చెంబుతో నెమ్మదిగా, నీళ్ళు ఇంకేదాకా పోశాను. పాదులో మూడు వేళ్ళ మందం పల్లి పొట్టు పరిచాను, మా పాలమూరు చుట్టాలు సంచి నిండా ఇచ్చారు. వరిగడ్డైనా పరవాలేదు. పడమటి వైపు పాత చీర కట్టాను. మొగ్గ కనిపిస్తే గిల్లేశాను, ప్రాణం ఒప్పలేదు కానీ గిల్లాను. ఎరువు బంద్, కత్తెర బంద్. ఆకు వెనక సన్నటి గూడు కట్టి ఎర్రనల్లి పడితే, మందు జోలికి పోకుండా రెండు రోజులకోసారి ఆకుల వెనక నీళ్ళు గట్టిగా కొట్టాను. ఇంకోటి, మా బోరు నీళ్ళు పోస్తే పాదులో తెల్లటి ఉప్పు పేరుకుంటుంది, ఈనెలు పచ్చగా ఉండి ఆకు పసుపెక్కుతుంది. అప్పట్నుంచీ వీటికి నల్లా నీళ్ళే.

ఆ రెండింటిలో ఒకదాని పై అంటు రోహిణి కార్తెలోనే ఎండిపోయింది. ముడి కింద నుంచి మాత్రం ముళ్ళ కొమ్మలు మూడు, జానెడు జానెడు లేచాయి. మామూలుగా వాటిని పీకేయాలి. నేను పీకలేదు. ఎందుకంటే మన దేశంలో ఎడ్వర్డ్ గులాబీని వేరుమొక్కగా వాడే అలవాటు కూడా ఉంది. పైన హైబ్రిడ్ చచ్చి, కింద నాకు కావలసిన పాత రకమే బతికుందేమో! అత్తమ్మ రోజూ దాని పక్కన నిలబడి, "పెండ్లి పెటాకులైంది, ఇక పిల్ల పుట్టింటికి వచ్చింది" అని నవ్వుతోంది. పూస్తే వాసన ఏమిటో ఇక్కడే రాస్తాను.